కాలేజీ బ్రోచర్‌ను పెన్సిల్ పట్టుకుని చదవండి

ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పాను. పేరెందుకులెండి. ఏటా ఎండాకాలం రాగానే "మీరైతే బాగా రాస్తారు మేడమ్" అంటూ బ్రోచర్ పని నా నెత్తిన పెట్టేవారు. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు కానీ, ఎంసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, మా అపార్ట్‌మెంట్ వాళ్లు రంగురంగుల పుస్తకాలు పట్టుకుని మా ఇంటికొస్తారు. (పేరు ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్‌గా మారింది. మాకింకా ఎంసెటే.) వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కాలేజీ ఇంగ్లిష్ బ్రోచర్, తెలుగు కరపత్రం రెండూ సంపాదించి పక్కపక్కన పెట్టండి. ఇంగ్లిష్‌లో కుర్రాడు ఇన్నోవేటర్, గ్లోబల్ సిటిజన్, రేపటి లీడర్. తెలుగులో అదే కుర్రాడు "మీ అబ్బాయి". అక్కడ వాడితో ఎవరూ మాట్లాడరు, వాళ్ల నాన్నతో మాట్లాడతారు. క్రమశిక్షణ, బస్సు, హాస్టల్, సీసీ కెమెరాలు, కాలేజీకి రాకపోతే ఇంటికి మెసేజ్. రెండూ రాసింది నేనే, ఒకే వారంలో. ఇంగ్లిష్‌లో స్వేచ్ఛగా ఆలోచించే అమ్మాయి తెలుగులోకి వచ్చేసరికి సాయంత్రం ఆరింటికల్లా హాస్టల్ గేటు లోపల ఉండేది. మా కాలేజీ సంగతైతే, తెలుగు కరపత్రమే నిజానికి దగ్గర. మీరు చూసేచోట ఏది నిజమో తెలియాలంటే హాస్టల్ రూల్స్ కాగితం అడిగి తీసుకోండి.

ఇప్పుడు పెన్సిల్. "విద్యార్థి" అన్న మాట ఉన్న ప్రతి వాక్యంలో పని ఎవరు చేస్తున్నారో చూసి గీత గీయండి. తీర్చిదిద్దుతాం, మలుస్తాం, సానబెడతాం, ప్రతిభను వెలికితీస్తాం. ఒకచోట పిల్లాడు మట్టి, ఇంకోచోట రాయి, మరోచోట గని. అన్నీ కాలేజీయే చేస్తుంది, వాడు మాత్రం కదలడు. ఒక ఏడాది నేను రాసిన పన్నెండు పేజీల్లో నేనే లెక్కపెట్టుకుంటే, పిల్లలు తమంతట తాము చేసిన పని ఒక్కటే దొరికింది. రక్తదానం.

మీరు వెతకాల్సింది పిల్లలే కర్తగా ఉన్న వాక్యం. ఏ బ్రాంచి, ఏ ఏడాది, ఏం చేశారు అన్నది అందులో తెలియాలి. అలాంటిది నేనూ ఒకటి రాశాను: సివిల్ మూడో ఏడాది పిల్లలు పక్క ఊరి చెరువు కట్ట సర్వే చేసి పంచాయతీకి మ్యాపు ఇచ్చారని. "చెరువేంటి మేడమ్, ఏఐ గురించి ఏదైనా రాయండి" అని కొట్టేశారు.

ఫొటోల మీద టైమ్ వేస్ట్ చేయకండి. మా బ్రోచర్‌లో తెల్లకోటు వేసుకుని ఫ్లాస్కు వంక తదేకంగా చూసే అమ్మాయిది కంప్యూటర్స్ బ్రాంచి. ఫ్లాస్కులో ఉన్నది క్యాంటీన్ నుంచి తెప్పించిన రస్నా. ఆ అమ్మాయి పాసై బెంగళూరు వెళ్లిపోయాక కూడా మూడేళ్లపాటు మా బస్సుల వెనకాల ఆ ఫ్లాస్కు పట్టుకునే తిరిగింది.

అసలు కూర్చోవాల్సింది ప్లేస్‌మెంట్స్ పేజీ దగ్గర. పది మందిలో ఒకడికి 44 లక్షలు, మిగతా తొమ్మిది మందికి తలా మూడున్నర లక్షలు వచ్చాయనుకోండి. యావరేజీ 7.55 లక్షలు. అచ్చేస్తే అబద్ధం కాదు. కానీ ఆ పది మందిలో ఏడున్నర లక్షల వాడు ఒక్కడూ లేడు. అందుకే మీడియన్ అడగాలి, అంటే జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడేది. ఇక్కడ అది మూడున్నరే. "850 ఆఫర్లు" అంటే 850 మంది అనుకోవద్దు, ఒకడికే మూడొస్తే మూడుగా వేసేవాళ్లం. "95 శాతం" అని ఉంటే ఎవరిలో 95 శాతమో అడగండి, బ్యాక్‌లాగ్స్ (ఇంకా పాసవ్వాల్సిన సబ్జెక్టులు) ఉన్నవాళ్లను లెక్కలోంచి ముందే తీసేసి ఉండొచ్చు. ఇక "100 శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్". అందులో అసిస్టెన్స్ అన్న మాట ఎంత సన్నగా ఉండాలో డిజైనర్ పక్కన కూర్చుని చూసుకున్నది నేనే.

దీనికి విరుగుడు పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు తమ వివరాలు పంపుతాయి. కాలేజీ పేరు, పక్కన ఎన్‌ఐఆర్‌ఎఫ్ అని కొట్టి వెతికితే ఆ పీడీఎఫ్ చాలాసార్లు కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఓ మూల ఉంటుంది. నాలుగేళ్ల యూజీ, అంటే బీటెక్ టేబుల్ తెరవండి. ఎంతమంది చేరారు, గడువులోగా ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు, అన్నీ వరసగా ఉంటాయి. ఇదీ కాలేజీ ఇచ్చిన లెక్కే, కాదనను. కానీ బ్రోచర్ లెక్క పక్కన పెట్టి చూడండి. బ్రోచర్‌లో ఎక్కడా కనిపించని ఒక విద్యార్థి ఇక్కడ దొరుకుతాడు: నాలుగేళ్లలో గట్టెక్కనివాడు.

ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) ముద్ర ఉంటే ఒక్క సంగతి చూసుకోండి. అది కాలేజీ మొత్తానికి కాదు, బ్రాంచికి ఇస్తారు. మీ పిల్లలు చేరే బ్రాంచికి ఉందా, గడువు దాటలేదా అంతే.

ఆఖర్న, సాయంత్రం బస్సులు బయల్దేరే వేళకు కాలేజీ గేటు దగ్గరికి వెళ్లండి. సెకండియర్ వాళ్లనే పట్టుకోండి. ఫస్టియర్ వాళ్లకు ఇంకా ఏమీ తెలియదు, ఫైనలియర్ వాళ్లు కాలేజీకి రారు. ప్లేస్‌మెంట్స్ గురించి అడగొద్దు. నిన్న ల్యాబ్‌లో ఏం చేశారని అడగండి. పోయినేడు మా కింది ఫ్లోర్ ఆవిడ అలాగే అడిగితే ఒక కాలేజీ దగ్గర అమ్మాయి "రికార్డు రాశాం ఆంటీ" అందట. ఇంకో కాలేజీ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు, ల్యాబ్‌లో మోటారు కాలిపోవడం ఎవరి తప్పని ఈవిడ ముందే పావుగంట పోట్లాడుకున్నారట. వాళ్లబ్బాయిని ఆ రెండో దాంట్లో చేర్చారు.