సముద్రపు రాతిపొర వయసును సూక్ష్మ శిలాజాలతో ఎలా తేల్చాలి?

తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో బయటపడిన రాతి పొరలను చూసి చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "వీటిలో శిలాజాలు ఉంటాయా? వాటిని బట్టి వయసు చెప్పవచ్చా?" చెప్పలేం. కొండ మీది నగరి క్వార్ట్‌జైట్ వయసు దాదాపు 160 కోట్ల సంవత్సరాలు. దాని కింది గ్రానైట్ ఇంకా ఎంతో పాతది. గుల్ల కట్టుకునే ప్రాణి అప్పటికి పుట్టనే లేదు. కాబట్టి సుత్తి పట్టుకుని శిలాతోరణం వైపు వెళ్లకండి. అది రక్షిత స్మారకం, చుట్టూ ఉన్నది రక్షిత అడవి.

మనకు కావలసినవి ఫొరామినిఫెరా. ఏకకణ జీవులు, సముద్రవాసులు. వీటిలో ఎక్కువ భాగం సున్నంతో గదులు గదులుగా గుల్ల కట్టుకుంటాయి. చాలావాటి పరిమాణం ఆవగింజ కంటే తక్కువ. చచ్చాక అడుగున బురదలో చేరతాయి, ఆ బురదే రాయి అవుతుంది. పిడికెడు రాయిలో వేల గుల్లలు ఉండవచ్చు. డైనోసార్ ఎముక కోసం జీవితమంతా వెతకాలి, వీటికి ఒక జల్లెడ చాలు.

ముందు కన్ను అలవాటు చేసుకోండి

రాయి జోలికి వెళ్లే ముందు నేటి గుల్లలను చూడండి. తిరుపతి జిల్లాకు సముద్రం ఉంది. తూపిలిపాలెం ఒడ్డున అల వెనక్కి వెళ్తూ వదిలే చివరి గీత దగ్గర తేలికైన సన్న ఇసుక చేరుతుంది, అది ఒక చెంచాడు చాలు. మంచినీటితో కడిగి, ఆరబెట్టి, 40 రెట్లు పెద్దదిగా చూపే స్టీరియో మైక్రోస్కోపు కింద పరచండి. చిన్న నత్తలా చుట్టుకున్న తెల్లని గుల్ల కనిపిస్తే ఎక్కువగా అది అమ్మోనియా అనే ఫొరామినిఫెరా జాతిది అయి ఉంటుంది. ప్రతి చెంచాలోనూ దొరకదు. ఇసుక రేణువుకూ గుల్లకూ తేడా పట్టడానికి నాలుగైదు సాయంత్రాలు పడుతుంది.

రాయి సేకరణ

తిరుపతి నుంచి ఒక రోజు ప్రయాణంలో చేరగల మంచి చోటు తమిళనాడులోని అరియలూరు, పెరంబలూరు ప్రాంతం. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలపు సముద్రపు పొరలు అక్కడ నేల మీదే కనిపిస్తాయి. ఒంటరిగా కాక, అనుమతి తీసుకున్న కళాశాల బృందంతో వెళ్లడం మేలు.

ఇసుకరాయిని వదిలేసి, పలకలుగా విడిపోయే మెత్తని షేల్ రాయిని ఎంచుకోండి. పైన ఎండకూ వానకూ పాడైన భాగాన్ని తవ్వి తీసేసి, లోపలి తాజా రాయిని సుమారు 300 గ్రాములు తీయాలి. టేపుతో కొలుస్తూ కింది పొర నుంచి పైకి మీటరుకొకటి చొప్పున తీసుకోండి. సంచి మీద ఒక చీటీ, లోపల ఒక చీటీ. ఏది కిందిదో ఏది పైదో మరచిపోతే ఇంటికి తెచ్చింది రాళ్ల మూట, అంతే.

రాయిని విప్పడం

శనగగింజంత ముక్కలు చేసి పూర్తిగా ఎండబెట్టండి. కిరసనాయిలులో కొన్ని గంటలు నానబెట్టి, నూనె వంపేసి, వెంటనే నీళ్లు పోయండి. రంధ్రాల్లో చేరిన నూనెను నీరు తోసేస్తూ బంకమట్టిని ఉబ్బిస్తుంది, రాయి కళ్ల ముందే కూలిపోయి బురదవుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఇది గారడీలాగే ఉంటుంది. దగ్గరలో నిప్పు ఉండకూడదని వేరే చెప్పాలా? లొంగని రాయికి 5 నుంచి 10 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడవచ్చు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రం వద్దు. గుల్ల సున్నం కాబట్టి వయసు చెప్పే సాక్షులే కరిగిపోతారు.

ఆ బురదను 63 మైక్రాన్ల జల్లెడలో సన్నటి ధార కింద కడగండి. కడిగిన ప్రతిసారీ జల్లెడను మిథిలీన్ బ్లూ నీళ్లలో ముంచండి. తర్వాతి నమూనాలో నీలం గుల్ల కనిపిస్తే అది పాత నమూనాది, జల్లెడలో ఇరుక్కుని మిగిలింది. కోట్ల సంవత్సరాల తప్పును ఆపే రంగు ఇది.

మిగిలిన పొడిని ఆరబెట్టి, మూడు సున్నాల (000) సన్నని కుంచె కొనను తడిపి గుల్లలను ఒక్కొక్కటిగా గళ్ల స్లయిడు మీదికి ఎత్తండి. నమూనాకు 300 గుల్లలు ఎత్తడం వాడుక. ఓపిక లేనివారు ఇక్కడే ఆగిపోతారు.

వయసు తేల్చడం

పోలికలు చూసి జాతులు గుర్తించడం పుస్తకంతో కొంత, అనుభవజ్ఞుల పక్కన కూర్చుని కొంత వస్తుంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగం ఉంది, అడగండి. నీటిలో తేలే జాతులనూ అడుగున పాకే వాటినీ వేరు చేయండి. తేలేవి ప్రవాహాలతో సముద్రాలన్నిటా వ్యాపిస్తాయి, వయసుకు అవే గట్టి ఆధారం. అడుగువి ముఖ్యంగా నీటి లోతు గురించి చెబుతాయి.

అసలు తర్కం ఇది. తిరుపతి గాంధీ రోడ్డు పాత ఫోటో ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. అందులో ఎస్‌టీడీ బూత్ ఉంది, ఒకాయన చేతిలో సెల్‌ఫోను ఉంది. బూత్‌లు పోకముందు, సెల్‌ఫోన్లు వచ్చాక తీసిన ఫోటో అని తేదీ లేకపోయినా చెప్పేస్తారు. గుల్లలతోనూ అంతే. ప్రతి జాతికీ పుట్టిన కాలం, అంతరించిన కాలం ఉన్నాయి. నమూనాలోని జాతులన్నీ కలిసి బతికిన వ్యవధే ఆ పొర వయసు.

కొన్ని గుర్తులు: గ్లోబోట్రంకానా ఉంటే 6.6 కోట్ల సంవత్సరాలకు ముందుది, డైనోసార్లతో పాటే ఆ గుల్ల కూడా పోయింది. దానితో అబాథోంఫాలస్ మయరోయెన్సిస్ కూడా ఉంటే వ్యవధి ఇంకా బిగుస్తుంది, సుమారు 6.9 నుంచి 6.6 కోట్ల మధ్య. ముళ్లు పొడుచుకొచ్చిన హాంట్‌కెనినా ఈయోసీన్ అనే భూకాలపు ముగింపు దాటదు, అంటే 3.39 కోట్ల ఏళ్ల క్రితం. గుండ్రటి బంతిలాంటి ఆర్బులినా సుమారు 1.5 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైంది, అది ఉన్న పొర అంతకంటే పాతది కాదు. ఈ సంఖ్యలను గుల్లలు చెప్పవు. అగ్నిపర్వతపు బూడిద పొరల రేడియోధార్మిక వయసులతో, రాళ్లలో నిలిచిన అయస్కాంత దిశలతో సరిచూసి కట్టిన పట్టిక నుంచి వస్తాయి.

మోసపోయే చోట్లు

ఫోటోలో గోడ మీద పదేళ్ల నాటి క్యాలెండర్ వేలాడుతుండవచ్చు. అలాగే పాత పొర కోసుకుపోయి దాని గుల్లలు కొత్త బురదలో చేరతాయి. అరిగినవి, రంగు తేడా ఉన్నవి కనిపిస్తే అనుమానించండి. బోరుబావి ముక్కల్లో కథ తిరగబడుతుంది, పై పొరల ముక్కలు కిందికి జారతాయి. అందుకే చమురు బావుల్లో జాతి పుట్టుకను కాక, పై నుంచి దిగుతూ ఆ జాతి మొదట కనిపించిన లోతును, అంటే దాని అంతాన్ని నమ్ముతారు. ఇక ఒక జాతి కనబడలేదంటే ఆ కాలంలో లేదని కాదు, అక్కడి నీళ్లు దానికి పడకపోయి ఉండవచ్చు.

ఈ పని విలువ తెలియాలంటే రాజమహేంద్రవరం దగ్గరి లావా పొరలు చూడాలి. రెండు లావాల మధ్య ఇరుక్కున్న సున్నపురాయిలో డేనియన్ తొలి కాలపు గుల్లలు దొరికాయి, అంటే 6.6 కోట్ల ఏళ్ల నాటి వినాశనం ముగిసిన వెంటనే బతికినవి. దానితో కింది లావా అంతకు ముందుదనీ, పైది తర్వాతదనీ తేలింది.

మీ నోటు పుస్తకంలో కూడా ఒకే సంఖ్య రాయకండి. "ఇంత నుంచి ఇంత వరకు, ఈ జాతుల ఆధారంగా" అని రాసి, అనుమానించిన గుల్లల జాబితాను పక్కనే పెట్టండి.