వేసవికి తేలికైన క్రోషే టాప్ – మూడవ పాఠం: నమూనాను వేలాడదీసి కొలవడం, వెనుక పలక అల్లడం

గత రెండు పాఠాల్లో దారం ఎంపికను, చైన్, సింగిల్ క్రోషే, డబుల్ క్రోషే కుట్లను చూశాం. ఈ పాఠంలో టాప్ వెనుక పలకను మొదలుపెట్టి భుజాల దాకా పూర్తి చేస్తాం. అయితే పాఠంలో దాదాపు సగం ఒక చిన్న నమూనా ముక్కకే పోతుంది. త్వరగా అసలు పనిలోకి దిగాలన్న ఆత్రం సహజమే కానీ, జల్లెడలా గదులు గదులుగా ఉండే ఈ అల్లికలో నమూనా చెప్పే సంగతి మరెక్కడా దొరకదు.

ముందుగా పేర్ల విషయం. ఈ పాఠాల్లో కుట్ల పేర్లన్నీ అమెరికా పద్ధతిలోనివి. ఇక్కడ డబుల్ క్రోషే అన్నదాన్నే బ్రిటిష్ పద్ధతిలో ట్రెబుల్ అంటారు. వాళ్ళు డబుల్ అన్నది మనకు సింగిల్ అవుతుంది. వేరే చోట చదివిన వివరణతో దీన్ని పోల్చేటప్పుడు అది ఏ పద్ధతో చూసుకోకపోతే గది ఎత్తు సగానికి పడిపోతుంది.

ఉదాహరణగా 50 గ్రాముల ఉండలో 170 మీటర్లు వచ్చే సన్నని నూలు దారాన్ని, 3.5 మి.మీ. సూదిని తీసుకుందాం. నమూనాకు 28 చైన్లు వేయండి. సూది నుంచి లెక్కించి ఆరవ చైన్‌లో ఒక డబుల్ క్రోషే వేయండి. అక్కడితో మొదటి గది ఏర్పడుతుంది. తరువాత ఒక చైన్ వేసి, కింద ఒక చైన్ వదిలి, ఆ పక్కదానిలో డబుల్ క్రోషే వేస్తూ చివరి దాకా వెళ్తే 12 గదులు వస్తాయి. పనిని తిప్పి, నాలుగు చైన్లు వేసి (వీటిలో మూడు డబుల్ క్రోషేకు బదులు, నాలుగవది గది పైకప్పు), కింది వరుసలోని రెండవ స్తంభం తలపై డబుల్ క్రోషే వేసి, అదే తీరున 14 వరుసలు అల్లండి. డబుల్ క్రోషే నిలువుగా నిలబడే కుట్టు కనుక ఈ పాఠంలో దాన్ని స్తంభం అనే పిలుస్తాను.

ముక్క పూర్తయ్యాక దాన్ని బల్ల మీద పరిచి కొలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకొని అల్లిన మొదటి టాప్, మూడు ఉతుకులకు నడుము దాటి తుంటి మీదికి జారింది. లెక్కలో తప్పేమీ లేదు, కొలిచిన తీరులోనే తప్పు. ఉన్నికి సాగి తిరిగి ముడుచుకునే గుణం ఉంది. నూలుకు అది చాలా తక్కువ. పైగా నూలు బరువైనది, తడిస్తే ఇంకా బరువెక్కుతుంది. గదుల అల్లికలో స్తంభాలను పక్కనుంచి పట్టి ఆపే కుట్లు లేవు కాబట్టి, ఆ బరువుకు ప్రతి స్తంభం సన్నబడి పొడుగవుతుంది. స్తంభాలు పొడుగైన మేరకు పన్నా కొంత తగ్గుతుంది. మొదటి పాఠంలో చెప్పుకున్న మెర్సరైజ్డ్ నూలు (1844లో జాన్ మెర్సర్ కనిపెట్టిన కాస్టిక్ సోడా ప్రక్రియ వల్ల ఆ పేరు వచ్చింది) నున్నగా ఉండి గదులను చక్కగా తేటగా చూపిస్తుంది కానీ, ఆ నునుపు వల్లనే కుట్లు ఒకదానిలోంచి ఒకటి జారడం కూడా సులువవుతుంది.

అందుచేత నమూనాను టాప్‌ను ఉతికినట్టే ఉతికి, పరిచి పూర్తిగా ఆరబెట్టి, ఆ తరువాత పై అంచును ఒక కర్రకు గుచ్చి వేలాడదీయండి. కింది అంచుకు కొంచెం బరువు కూడా తగిలించాలి. ఎంత బరువన్నది ఊహకు వదలనవసరం లేదు. 50 సెం.మీ. పన్నా ఉన్న పలక దాదాపు 65 గ్రాములు తూగుతుందనుకుంటే, 12 సెం.మీ. నమూనా వాటాకు 15 గ్రాములకు కొంచెం ఎక్కువ వస్తుంది. పలకలో పై వరుసలు మొత్తం బరువును మోస్తాయి, కింది వరుసలు ఏమీ మోయవు. కాబట్టి సగటున అందులో సగం, అంటే ఎనిమిది గ్రాములు చాలు. బట్టలకు పెట్టే తేలికపాటి క్లిప్పులు రెండు మూడు తూచి, ఆ బరువుకు సరిపడేలా కింది అంచు పొడవునా సమంగా పెట్టండి. ఒక రాత్రంతా అలా వదిలేసి, మర్నాడు వేలాడుతూ ఉండగానే నడుమ భాగంలో కొలవండి. అంచు గదులు ఎప్పుడూ వంకరగానే ఉంటాయి కనుక వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

నా నమూనాలో బల్ల మీద 10 సెం.మీ. ఎత్తుకు 11 వరుసలు వచ్చాయి. వేలాడదీశాక అదే ఎత్తుకు 10 వరుసలే వచ్చాయి. అడ్డంగా 10 సెం.మీ.కు 10 గదులు. తేడా ఒక్క వరుసే. అయితే భుజం నుంచి అంచు దాకా 54 సెం.మీ. కావాలనుకొని బల్ల మీది లెక్కతో అల్లితే 59 వరుసలు వేస్తాం, వేసుకున్నాక టాప్ 59 సెం.మీ. అవుతుంది. వేలాడిన లెక్కతో 54 వరుసలు చాలు. ఐదు వరుసల శ్రమ, దారం కూడా మిగులుతాయి.

ఇప్పుడు పన్నా. ఛాతీ చుట్టుకొలత 92 సెం.మీ. అనుకుందాం. గాలి ఆడే వేసవి టాప్‌కు 8 సెం.మీ. వదులు కలిపితే 100, అందులో సగం 50 సెం.మీ. ఒక పలకకు. సెంటీమీటరుకు ఒక గది చొప్పున 50 గదులు. మొదటి చైన్ల సంఖ్యకు సూత్రం: గదుల సంఖ్యను రెండుతో గుణించి నాలుగు కలపడం. 50 గదులకు 104 చైన్లు. మీ చేతికి 10 సెం.మీ.లో 11 గదులు వచ్చినట్లయితే, 50 సెం.మీ.కు 55 గదులు, 114 చైన్లు అవుతాయి. చేతి బిగువు ఒక్కొక్కరిది ఒక్కో రకం కాబట్టి, నా అంకెలను అలాగే తీసుకోక మీ నమూనా అంకెలతో లెక్క వేసుకోండి.

104 చైన్లు లెక్క తప్పకుండా వేయడం కొత్తవారికి విసుగు పుట్టిస్తుంది. ప్రతి 20 చైన్ల దగ్గర వేరే రంగు దారపు తునక ఒకటి దూర్చుకుంటే మొదటినుంచి లెక్కపెట్టే బాధ తప్పుతుంది. అనుమానంగా ఉంటే నాలుగైదు చైన్లు అదనంగానే వేయండి. వరుస అయ్యాక మిగిలినవాటిని మొదటి ముడి వైపు నుంచి విప్పేయవచ్చు. చైన్ల వరకు మాత్రం 4 మి.మీ. సూది వాడి, మొదటి వరుస నుంచి 3.5కి మారండి. బిగుతుగా పడ్డ చైన్లు కింది అంచును లోపలికి లాగి పలకను సంచిలా మారుస్తాయి.

ఇక వరుసలు నమూనాలో వేసినట్టే సాగుతాయి. తప్పు జరిగేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట, వరుస చివర. ఆఖరి స్తంభం కింది వరుస మొదట్లో మనం తిరిగేటప్పుడు వేసిన చైన్ల మీద పడాలి. అవి స్తంభంలా కనబడవు. అంచున కాస్త పక్కకు వాలి, సన్నని జడ పాయలా ఉంటాయి. దాన్ని వేలితో నిటారుగా నిలిపి, కింది నుంచి మూడవ చైన్‌ను గుర్తించి, దాని రెండు పోగుల కిందినుంచి సూదిని దూర్చండి. (మొట్టమొదటి వరుసకైతే ఆధార చైన్‌ను కూడా కలుపుకొని మూడవది.) అక్కడ వేయకుండా తిరిగితే వరుసకు ఒక గది తగ్గుతూ, పది వరుసలకు పలక పైకి కుదించుకుపోతుంది. అలా కాక, కొత్త వరుసలో రెండవ స్తంభానికి బదులు మొదటి స్తంభం తలపైనే కుట్టు వేస్తే గది పెరుగుతుంది. మొదటి ఆరు వరుసల్లో ప్రతిసారీ 50 గదులు ఎంచి చూసుకోండి. ఆ తరువాత కంటికే అలవాటవుతుంది.

పది వరుసలు అయ్యాక ఉండను తూచండి. 12 గ్రాములు తగ్గితే 54 వరుసల పలకకు 65 గ్రాములు, రెండు పలకలకు 130, భుజాలు, పక్కలు కలపడానికీ అంచుకూ మరో 20 అని అంచనా వేయవచ్చు. మూడు ఉండలు సరిగ్గా సరిపోతాయి. నేనైతే నాలుగవది కూడా దగ్గర పెట్టుకుంటాను. చిన్న నమూనాను తూచి ఈ లెక్క వేయకపోవడానికి కారణం, నాలుగు గ్రాముల వస్తువు దగ్గర వంటింటి త్రాసు ఒక గ్రాము అటూ ఇటూ చూపినా మొత్తం అంచనా తలకిందులవుతుంది. ఉండ అయిపోతే కొత్త దారాన్ని వరుస మొదట్లోనే కలపండి. నడి వరుసలో కలిపిన దారపు కొసను దాచడానికి ఈ అల్లికలో చోటే ఉండదు. అంచున వదిలిన 15 సెం.మీ. కొస తరువాత పక్క కుట్టులో కలిసిపోతుంది.

51 వరుసలు అయ్యాక మెడ మొదలవుతుంది. భుజానికి 15 గదులు, మెడకు 20, మళ్ళీ భుజానికి 15 అని పంచుకున్నాం. (55 గదులవారు మెడకు 23, భుజాలకు 16 చొప్పున తీసుకోండి, 22 తీసుకుంటే భుజాలు సమంగా రావు.) పనిని తిప్పి, మామూలుగా 15 గదులు అల్లి, అక్కడే ఆగి వెనక్కి తిరగండి. అలా మూడు వరుసలు వేశాక 45 సెం.మీ. కొస వదిలి దారం కత్తిరించండి. భుజం కుట్టడానికి ఆ కొసే పనికొస్తుంది. మొదటి భుజపు చివరి స్తంభం పక్కనుంచి 51వ వరుసలోని 19 స్తంభాలను వదిలి, 20వ స్తంభం తలపై కొత్త దారాన్ని స్లిప్ కుట్టుతో (సూదిని దూర్చి లాగిన దారాన్ని సూది మీది ఉచ్చులోంచి కూడా నేరుగా తీసేసే, ఎత్తు లేని కుట్టు) కలిపి, నాలుగు చైన్లతో మొదలుపెట్టి, బయటి అంచు వైపు 15 గదులు అల్లండి. ఇక్కడా మూడు వరుసలే. మెడ లోతు 3 సెం.మీ. వస్తుంది.

వెనుక పలకను మడతపెట్టి ఉంచండి, వేలాడదీయవద్దు. అంచు అల్లిక పట్టు లేకుండా వేలాడితే మెడ సాగిపోతుంది. ముందు పలకకు మెడ లోతు తొమ్మిది వరుసలు. 45వ వరుస వరకు దానికీ వెనుక పలకకూ తేడా లేదు కనుక, వచ్చే పాఠానికి అంతవరకు అల్లి, దారం తెంచకుండా సిద్ధంగా పెట్టుకోండి.