తెలుగు ఫాంట్‌కి స్పేసింగ్: కెర్నింగ్ (ఒక్కో అక్షరాల జత మధ్య ఎడం సర్దడం) మొదలుపెట్టే ముందు ఒక చిన్న చిట్కా

తెలుగు ఫాంట్ చేస్తున్నవాళ్లు గ్లిఫ్స్ అనే ఫాంట్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో, అక్షరాల మధ్య ఎడాన్ని తనంతట తానే సర్దే హెచ్‌టీ లెటర్‌స్పేసర్ స్క్రిప్ట్ తప్పకుండా వాడి చూడండి. అక్షరం అంచుకీ సైడ్‌బేరింగ్‌కీ (అక్షరానికి పక్కన వదిలే చోటు హద్దుకీ) మధ్య ఉన్న తెల్లటి ఖాళీని విస్తీర్ణంగా లెక్కగట్టి, అన్ని అక్షరాలకూ ఒకే పాళ్లలో వచ్చేలా సర్దుతుంది. అందులో ఏరియా అనే సెట్టింగ్ పెంచితే ఎడం పెరుగుతుంది. మన గుండ్రటి అక్షరాలకు డెప్త్ అనే సెట్టింగ్ ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఒంపుల లోపలి ఖాళీని ఎంత లోతు వరకు లెక్కలోకి తీసుకోవాలో అదే చెబుతుంది.

అసలు కిటుకు రిఫరెన్స్ గ్లిఫ్‌లో, అంటే కొలతకు ఆధారంగా మనం ఎంచుకునే అక్షరంలో ఉంది. కొలత ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తు వరకు జరగాలో దాన్నిబట్టే తేలుతుంది. అక్కడ క, ర లాంటివి పెడితే తలకట్టు కూడా కొలతలోకి వచ్చి లెక్క చెడుతుంది. తలకట్టు లేని బ పెట్టండి, ఫలితంలో తేడా వెంటనే కనిపిస్తుంది.

ఆ తర్వాత 'రరబరబబ' అని టైప్ చేసి, కళ్లతో చూసి సరిచేయండి. ఈ పని మాత్రం స్క్రిప్ట్‌కి వదలకండి.

కెర్నింగ్ ఆఖరున. వేల జతలను ఒక్కొక్కటిగా సర్దుతూ కూర్చోవద్దు, కుడి అంచు ఒకేలా ఉన్నవాటిని ఒక గ్రూపు చేయండి. వత్తులు ఒకదానికొకటి తగులుతున్నాయా అన్నది అమ్మమ్మ, అన్నయ్య, అక్కయ్య, అత్తమ్మ అని రాసి చూస్తే చాలావరకు బయటపడుతుంది.