కొత్త సంఘంలో చేరే ముందు వాళ్లేం నమ్ముతారో ఎలా తెలుసుకోవాలి

ఉద్యోగం కోసమో, పెళ్లయ్యో, పిల్లల చదువు కోసమో ఊరు మారినప్పుడు మనం మొదట వెతికేది సంఘాన్నే, అంటే చర్చినే. ఇంటికి దగ్గరా, పాటలు బాగున్నాయా, సండే స్కూల్ ఉందా, పార్కింగ్ ఉందా అని చూసి చేరిపోతాం. ఏళ్లు గడిచాక పాస్టర్ గారి నోట ఏదో మాట విని, ఇదేంటి, మనం నమ్మేది ఇది కాదే అని టెన్షన్ పడతాం. అప్పటికి పిల్లలు అక్కడ కలిసిపోయి ఉంటారు, బయటికి రావడం కష్టం. అందుకే చేరకముందే అడగండి.

చాలా సంఘాలకు విశ్వాస ప్రమాణం, అంటే తాము ఏం నమ్ముతారో రాసిపెట్టుకున్న కాగితం ఉంటుంది. వెబ్‌సైట్‌లోనో, సభ్యత్వ ఫారం వెనకాలో ఉంటుంది. స్వతంత్ర సంఘాల్లో ఒక్కోసారి రాతలో ఏమీ ఉండదు, 'మాకు బైబిలే ప్రమాణం' అంటారు. ఆ మాట మంచిదే, కానీ చాలదు. బైబిల్ పట్టుకునే యేసు దేవుడు కాడని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. బైబిల్ ఏం చెబుతోందని మీరు నమ్ముతున్నారో చెప్పండి అని అడగాలి.

ముందు లేఖనాల గురించి ఏం రాశారో చూడండి. 66 పుస్తకాలూ దేవుని ప్రేరేపణతో కలిగినవి, విశ్వాసానికీ ప్రవర్తనకూ చివరి అధికారం అవే అన్న మాట ఇవాంజెలికల్ (బైబిల్‌నీ సువార్తనీ ముఖ్యంగా పట్టుకునే) సంఘం దేనిలోనైనా ఉండాలి. 1974లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో అనేక దేశాల ఇవాంజెలికల్ నాయకులు కలిసి చేసిన ఒడంబడికలో కూడా ఇదే ఉంది: లేఖనం తాను దృఢంగా చెప్పే వాటన్నిటిలో తప్పులేనిది అని. కాగితం మీద దీన్ని ఒప్పుకోని సంఘం మీకు దాదాపు కనబడదు. తేడా ఆచరణలో తెలుస్తుంది. దైవజనుడికి వచ్చిన దర్శనానికీ వాక్యానికీ పొంతన కుదరనప్పుడు అక్కడ ఏది నెగ్గుతుంది? 'ప్రవచనం వచ్చింది కాబట్టి ప్రశ్నించకూడదు' అనే చోట విశ్వాస ప్రమాణంలో ఎంత చక్కగా రాసి ఉన్నా బైబిల్‌కి చివరి అధికారం లేనట్టే. బెరయ పట్టణంవాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పిందాన్ని కూడా రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు, అపొస్తలుల కార్యములు 17:11 అందుకు వాళ్లను మెచ్చుకుంటుందే గాని తప్పుపట్టదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది యేసు ఎవరు అన్న దగ్గర. అరియస్ అనే ఆయన కుమారుడు కూడా సృష్టించబడినవాడే అని బోధిస్తే, దానికి జవాబుగా 325లో నీకయలో సభ కూడి, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని, అంటే తండ్రిలాగే దేవుడని తేల్చింది. ఇది పాత గొడవేమీ కాదు. మీ తలుపు తట్టే యెహోవాసాక్షులు ఈరోజుకీ యేసు సృష్టించబడినవాడనే చెబుతారు. ఇంకో వైపు, తండ్రీ కుమారుడూ పరిశుద్ధాత్మా ముగ్గురు కాదు, ఒక్కరే మూడు రకాలుగా కనబడ్డారు అనే బోధ మన తెలుగు ప్రాంతాల్లో కూడా తిరుగుతోంది. యేసు నామంలో మాత్రమే బాప్తిస్మం ఇస్తామనే చోట ఈ సంగతి తప్పకుండా అడగండి. అపొస్తలుల కార్యములు 2:38ని బట్టి ఆ మాటలు వాడుతూనే త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న బోధను) నమ్మేవాళ్లు ఉండొచ్చు కాబట్టి ఊహించుకోవద్దు, సూటిగా అడగండి: 'అయ్యగారూ, యేసు యొర్దానులో బాప్తిస్మం పొందినప్పుడు పరలోకం నుంచి మాట్లాడింది ఎవరు?' నీళ్లలో ఉన్నది కుమారుడు, మాట్లాడింది తండ్రి కాబట్టి త్రియేక దేవుణ్ణి నమ్మేవాళ్లకు ఈ ప్రశ్న ఇబ్బందే కాదు.

తర్వాత సిలువ, రక్షణ. యేసు మన పాపాల కోసం మన స్థానంలో చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున శరీరంతో లేచాడు (1 కొరింథీ 15:3-4). ఈ మాటలు నీళ్లు కలపకుండా ఉండాలి. సిలువను ప్రేమకు ఒక ఆదర్శంగా మాత్రమే చెప్పి, పాపశిక్ష సంగతి ఎత్తకపోతే ఎందుకని అడగండి. రక్షణ కృప వలన, విశ్వాసం ద్వారా, క్రియల వలన కాదు అని ఎఫెసీ 2:8-9 చెబుతుంది, 10వ వచనం ఆ రక్షణ పొందినవాళ్లు సత్క్రియలు చేయడానికే సృష్టించబడ్డారని చెబుతుంది. మూడు వచనాలూ కలిపి చదివే సంఘం దొరికితే సంతోషించండి. బాప్తిస్మం తీసుకోకపోతే, లేదా మా సంఘంలో లేకపోతే రక్షణ లేదు అన్నారా, బాప్తిస్మం లేకుండానే చనిపోతున్న సిలువ మీద దొంగకు, ఈరోజే నువ్వు నాతో పరదైసులో ఉంటావని ప్రభువు చెప్పిన లూకా 23:43 తీసి అడగండి. ఏ కొలతతో చూసినా ఇది పెద్ద విషయం, మొహమాటపడి వదిలేయొద్దు.

ఇక్కడి దాకా రాజీ లేదు. ప్రభువు మళ్లీ వస్తాడు, తీర్పు ఉంది, మృతులు లేస్తారు అన్నది కూడా ఈ వరసలోదే. కానీ ఎత్తబడడం (ప్రభువు తన వాళ్లను పైకి తీసుకుపోవడం) అంత్యకాలపు శ్రమలకు ముందా తర్వాతా, వెయ్యేళ్ల పాలన ఎలా ఉంటుంది అన్నవాటి మీద నమ్మకమైన విశ్వాసులే వేరువేరుగా ఉన్నారు. తేదీలు చెప్పేవాళ్లకు మాత్రం దూరంగా ఉండండి, ఆ రోజు ఎవరికీ తెలియదని మత్తయి 24:36 చెబుతుండగా ఆ పని ఎవరికీ అప్పగించలేదు.

బాప్తిస్మం కూడా అంతే. 1947లో ఏర్పడ్డ సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లోనూ, గుంటూరు వైపు బలంగా ఉన్న లూథరన్ సంఘాల్లోనూ చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. నెల్లూరు, ఒంగోలు నుంచి విస్తరించిన బాప్టిస్టులు, గోదావరి జిల్లాల్లోని బ్రదరిన్, భక్తసింగ్ గారి పరిచర్యలో పుట్టిన సంఘాలు, పెంతెకొస్తువాళ్లు విశ్వసించినవాళ్లకే ముంచుడు బాప్తిస్మం ఇస్తారు. సువార్తను ప్రేమించేవాళ్లు ఈ రెండు వైపులా ఉన్నారు. భాషలతో మాట్లాడడం, స్త్రీలు వాక్యం చెప్పడం, ప్రభువు బల్ల ప్రతి వారమా నెలకోసారా, ఇలాంటివి మీ మనస్సాక్షితో, ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చుకోండి. వీటి మీద తేడా ఉంటే అక్కడ చేరకపోవచ్చు, అది సరే, కానీ వాళ్లను తప్పుడు బోధకులు అనకండి. మన దగ్గర ఆ మాట మరీ సులువుగా వాడేస్తున్నారు, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

కాగితం చదివాక కొన్ని ఆదివారాలు వెళ్లి కూర్చోండి. ముఖ్యంగా రెండు సంగతులు గమనించండి, ఎందుకంటే ఇవి విశ్వాస ప్రమాణంలో ఎక్కడా రాసి ఉండవు. ఒకటి డబ్బు. కానుక ఇస్తే అప్పులు తీరతాయి, వీసా వస్తుంది, ఇంత విత్తితే అంతకు ఎన్నో రెట్లు వస్తుంది అని బేరం పెట్టినట్టు చెబుతున్నారా? 3 యోహాను 2 అనేది గాయు అనే స్నేహితుడు క్షేమంగా ఉండాలని యోహాను చేసిన ప్రార్థన, అందరికీ ఆస్తులిస్తానన్న వాగ్దానం కాదు. ఇవ్వడం గురించి 2 కొరింథీ 9:7 చెప్పేది 'సణుగుకొనకయు బలవంతముగా కాకయు' అని. పేరు పెట్టి లేపి నిలబెట్టి అడిగే చోట బలవంతం లేదని ఎలా అంటాం?

రెండోది స్వస్థత. దేవుడు స్వస్థపరుస్తాడు, రోగి కోసం పెద్దలు నూనె రాసి ప్రార్థించమని యాకోబు 5:14 చెబుతుంది, మనం చెయ్యాలి. కానీ విశ్వాసం ఉంటే మందులు మానెయ్యి అని ఎవరైనా అంటే వినొద్దు, షుగర్ మందో, బీపీ మాత్రో, ఫిట్స్ మందో ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20), ఆయనతో ఉన్న లూకా వైద్యుడు. స్వస్థత రాలేదంటే నీ విశ్వాసం తక్కువ అని మంచం మీదున్నవాళ్ల మీద నేరం మోపే బోధ చాలా కుటుంబాలను లోపల్లోపల నలిపేసింది.

ఇవన్నీ అడగడానికి ఆరాధన అయిపోయిన వెంటనే అందరూ చేతులు కలుపుతున్న సమయం మంచిది కాదు. ముందే ఫోన్ చేసి అరగంట అడగండి, భార్యాభర్తలిద్దరూ వెళ్లండి, బైబిల్ తీసుకెళ్లండి, పరీక్ష పెడుతున్నట్టు కాకుండా నేర్చుకోవడానికి వచ్చినట్టే మాట్లాడండి. సంఘ పెద్దలు ఎవరు, లెక్కలు ఎవరు చూస్తారు, పాస్టర్ గారు తప్పు చేస్తే ఆయనకు ఎవరు చెప్పగలరు అని కూడా అడగొచ్చు. మంచి కాపరి ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. ఏదైనా దానికి 'చదివి చెబుతాను' అన్నా అది లోపం కాదు, నాకైతే అలాంటి మనిషి మీద నమ్మకం పెరుగుతుంది. కోప్పడితే, 'అభిషిక్తుణ్ణి ముట్టకూడదు' అని వాక్యాన్ని అడ్డం పెట్టుకుంటే, గొడవ పెట్టుకోకుండా నమస్కారం చెప్పి వచ్చెయ్యండి. మరుసటి ఆదివారం ఇంకో సంఘానికి వెళ్లండి.