మనసులో మాట, 4వ పాఠం: ‘ఫీలయ్యాను’ అని రాయకండి

ముందు గత పాఠం సంగతి తేల్చుకుందాం. మనసులో ఉన్నది రోజూ రాసుకునే పేజీలోంచి ఒక్క వాక్యం ఇంట్లో ఎవరికైనా చెప్పండి అన్నాను. చెప్పారు, చాలా ఇళ్లలో గొడవైంది. ఒకావిడ పుట్టింటికి వెళ్లి రెండు రోజులుండి వచ్చారట. ఇందులో తప్పు నాది. రాయడానికీ చెప్పడానికీ మధ్య ఒక రాత్రి గడవాలని నేను చెప్పలేదు, నాకు అలవాటైపోయింది కాబట్టి అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను.

1986లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు, ఆయన విద్యార్థిని సాండ్రా బీల్ కలిసి కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంఘటనల గురించి రాయించారు. ఏం జరిగిందో, అప్పుడు తమకెలా అనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి ఆరు నెలల్లో డాక్టరు దగ్గరకు తక్కువసార్లు వెళ్లారు. కానీ రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. మీరు సరిగ్గా ఆ బరువులో ఉన్నప్పుడే లేచి వెళ్లి మాట్లాడారు.

ఎప్పుడు రాయాలి, ఎంత రాయాలి అనేవి మళ్లీ చెప్పను. పుస్తకమా, ఫోనా అన్నది మీ ఇష్టం. నేను మాత్రం చిత్తు పుస్తకంలోనే రాస్తాను, మంచి డైరీ కొంటే చేతికి మంచి మాటలే వస్తాయి.

ఇక అసలు సంగతి. మీరు పంపిన పేజీల్లో దాదాపు ప్రతిదానిలో ‘చాలా ఫీలయ్యాను’ అని ఉంది. ఈ మాట చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అక్కడిదాకా ధైర్యంగా వచ్చి తలుపు ముందు ఆగిపోయారు. ఫీలయ్యాను అంటే ఏమిటి? కోపమా, ఉక్రోషమా? కోపం వచ్చినప్పుడు ఏదో ఒకటి చేయగలం అనిపిస్తుంది, ఏమీ చేయలేకపోతే అది ఉక్రోషం. అలకా? అలిగేది బుజ్జగించడానికి వస్తారని నమ్మకం ఉన్నవాళ్ల మీదే. కాబట్టి మీది అలక అయితే మీకు కావలసింది క్షమాపణ కాదు, వచ్చి పక్కన కూర్చోవడం. దిగులు వేరు, బెంగ వేరు. బెంగకు ఒక మనిషో ఒక ఊరో ఉంటుంది. చిన్నబుచ్చుకోవడం, నొచ్చుకోవడం, ఉడుక్కోవడం, ఇన్ని మాటలు మన అమ్మమ్మలు రోజూ వాడినవే, మనం అన్నిటినీ ఒక్క ఫీలవడంలో కలిపేశాం.

పుట్టింటికి వెళ్లినావిడ సంగతే చూడండి. అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఆడపడుచు “పులిహోరలో ఉప్పు తగ్గింది వదినా” అంది. ఈవిడ ఫీలయ్యానని రాసుకుని, ఆ రాత్రే ఆడపడుచుతో అదే మాట చెప్పింది. ఉప్పు మాట అన్నప్పుడు మీ కళ్లు ఎవరివైపు వెళ్లాయి అని నేను అడిగితే, చాలాసేపటికి జవాబు పంపారు. భర్త వైపట. ఆయన కూడా అందరితో కలిసి నవ్వారు. అంటే అది ఉప్పు గురించి కోపం కాదు, ఇంతమందిలో నా పక్కన ఎవరూ లేరన్న దిగులు. అది చెప్పాల్సింది ఆడపడుచుకు కాదు.

ఇంకొకరు, తాను పని నేర్పిన కుర్రాడికి ప్రమోషన్ వస్తే ఫీలయ్యానన్నారు. అసూయ అని రాయడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది, రాశాక ఆ కుర్రాడికి మనస్ఫూర్తిగా అభినందనలు చెప్పగలిగారు.

నా పేజీలో ఏడాదిపాటు ‘నాన్నగారి ఫోన్, విసుగు’ అని ఉండేది. అడిగిందే మళ్లీ అడుగుతారు. ఒకరోజు విసుగు కొట్టేసి భయం అని రాశాను. ఆయన మరిచిపోతున్నారని భయం. ఆ తర్వాత ఫోన్లో నా గొంతు మారింది.

అభ్యాసం కొంచెం కష్టమే. ఏడు రోజులు ఫీలయ్యాను, ఏదోలా ఉంది, బాధ అనే మాటలు మీ పేజీలో ఉండకూడదు. వస్తే కొట్టేసి, పైన ఇంకో మాట రాయండి, కొట్టేసింది కనబడాలి. ఎనిమిదో రోజు ఒక్క విషయం, అది చెందాల్సిన మనిషికే, ‘నాకు’ అని మొదలుపెట్టి రెండు వాక్యాల్లో చెప్పండి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ వద్దు. చావులు, పాత పెద్ద గాయాల జోలికి ఈ వారం వెళ్లకండి. చెప్పాక అవతలివాళ్లు ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోతే ఏం చేయాలన్నది అయిదో పాఠం.