ప్రయాణంలో నమాజు – నాలుగవ పాఠం: దూరం లెక్క, బస లెక్క

ఈ పాఠాన్ని బస గురించి, అంటే చేరిన ఊళ్ళో ఎన్నాళ్ళు ఉంటే ముసాఫిర్ (నమాజును తగ్గించి చదివే ప్రయాణికుడు) ముఖీమ్‌గా (పూర్తిగా చదవవలసిన నివాసిగా) మారతాడనే విషయం గురించి మొదలుపెట్టాలని అనుకున్నాను. మూడవ పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక, దూరం సంగతి తేలకుండా బస సంగతి ఎత్తడం వృథా అని అర్థమయింది. ఆ లెక్క ఇది: ఒక ఉద్యోగి ప్రతి ఉదయం 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరానికి వెళ్ళి సాయంత్రం ఇంటికి వస్తాడు, అతడు కార్యాలయంలో జొహర్ (మధ్యాహ్నపు నమాజు) ఎన్ని రకాతులు (నమాజులోని భాగాలు) చదవాలి? ఎక్కువమంది ‘రెండు’ అని రాశారు. పోను 45, రాను 45, మొత్తం 90, కనుక ముసాఫిర్ కావడానికి హనఫీ ఉలమా (ధర్మపండితులు) చెప్పిన సుమారు 77 కిలోమీటర్లు దాటిపోయింది అన్నది వారి వాదన. సరైన జవాబు నాలుగు.

పోను, రాను దూరాలను కలపకూడదు. ఖస్ర్‌కు, అంటే నాలుగు రకాతుల నమాజును రెండుగా తగ్గించి చదవడానికి, లెక్కలోకి వచ్చేది బయలుదేరిన ఊరి పొలిమేర నుంచి చేరదలచిన ఊరి దాకా ఒకవైపు దూరం మాత్రమే. హనఫీలు దీనిని మూడు రోజుల ప్రయాణంగా చెప్పారు. తరువాతి ఉలమా దానిని 48 మైళ్ళుగా స్థిరపరచారు. మిగిలిన మూడు ఫిఖహ్‌లు (ధర్మశాస్త్ర సంప్రదాయాలు), అంటే మాలికీ, షాఫయీ, హంబలీలు, పాత కొలతల్లో నాలుగు బరీద్‌లు, అంటే 16 ఫర్సఖ్‌లు అన్నాయి; నేటి కొలతలో దానిని 80 నుంచి 89 కిలోమీటర్ల మధ్య లెక్కకట్టారు. ఏ కొలత తీసుకున్నా అది వెళ్ళే వైపు కొలతే. రాకపోకలను కూడితే చాలుననుకుంటే, పది కిలోమీటర్ల దూరంలోని దుకాణానికి రోజుకు నాలుగైదు సార్లు తిరిగేవాడు కూడా సాయంత్రానికి ముసాఫిర్ కావాలి. ఈ నాలుగు ఫిఖహ్‌లలో ఏదీ అలా అనలేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ముసాఫిర్ తెలియక నాలుగు రకాతులు చదివితే, రెండవ రకాతు తరువాత ఖాదాలో (నమాజులో కూర్చునే భాగంలో) కూర్చుని ఉంటే, హనఫీల ప్రకారం అది అనుచితమే గాని ఫర్జ్ (విధిగా చేయవలసిన నమాజు) నెరవేరుతుంది. దానికి భిన్నంగా, ముఖీమ్ రెండే చదివి సలాం చెప్పి లేచిపోతే ఆ ఫర్జ్ అసలు నెరవేరలేదు. పై ఉద్యోగి అలా చదివిన నమాజులన్నిటికీ ఖజా చేయవలసి, అంటే వాటిని తిరిగి చదవవలసి ఉంటుంది. కనుక సందేహం ఉన్నప్పుడు ఖస్ర్ వైపు మొగ్గవద్దని నా సలహా.

దూరంతో పాటు నియ్యత్ (సంకల్పం) కూడా చూడాలి, అది కూడా బయలుదేరినప్పటి నియ్యత్. సరుకు అమ్ముకునే వ్యక్తి 30 కిలోమీటర్లు వెళ్ళి, అక్కడ అమ్ముడుపోకపోతే మరో 40, ఆపైన మరో 50 అంటూ గమ్యం తెలియకుండా సాగిపోతే అతడు ముసాఫిర్ కాడు. అలా లోకమంతా చుట్టి వచ్చినా కాడని హనఫీ గ్రంథాలు స్పష్టంగా చెబుతాయి. అదే వ్యక్తి చివరి ఊరి నుంచి నేరుగా ఇంటికి బయలుదేరినప్పుడు ఆ దూరం 77 కిలోమీటర్లు ఉంటే, తిరుగు ప్రయాణంలో మాత్రం ముసాఫిర్ అవుతాడు. వెళ్ళేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు రెండు. ఇది వింతగా తోచినా, నియ్యత్ దగ్గర నుంచి ఆలోచించేవారికి ఇందులో చిక్కేమీ లేదు.

ఫోనులో పటం తెరచి రెండు ఊళ్ళ మధ్య గీత గీసి కొలిచినవారు కూడా ఉన్నారు. పక్షి ఎగిరే దూరంతో మనకు పని లేదు; నడిచే దారినే కొలవాలి. ఒకే ఊరికి 70 కిలోమీటర్ల దారి, 85 కిలోమీటర్ల దారి రెండూ ఉంటే, హనఫీల ప్రకారం ఏ దారిన వెళితే దాని హుకుం (నియమం) వర్తిస్తుంది. షాఫయీలు ఇక్కడ ఒక షరతు పెట్టారు: పొడవైన దారిని ఎంచుకోవడానికి భద్రత వంటి సరైన కారణం ఉండాలి, కేవలం ఖస్ర్ కోసమే చుట్టు తిరిగితే చెల్లదు.

ఇక, ‘విమానంలో గంటలో చేరిపోతాము, అలసట లేదు, అయినా ఖస్ర్ ఎందుకు’ అన్న ప్రశ్న. ఇది కొత్త ప్రశ్న కాదు. ఖుర్ఆన్ 4వ సూరా 101వ ఆయతులో నమాజు తగ్గించుకునే అనుమతి శత్రుభయం ప్రస్తావనతో కలిసి వచ్చింది. ఇప్పుడు జనం నిర్భయంగా ఉన్నారు కదా అని యాలా బిన్ ఉమయ్యా ప్రవక్త (స) సహచరుడైన హజ్రత్ ఉమర్‌ను అడిగారు. తనకూ అదే ఆశ్చర్యం కలిగి దైవప్రవక్తను (స) అడిగానని, అది అల్లాహ్ మీకు చేసిన దానమని, ఆయన దానాన్ని స్వీకరించమని ప్రవక్త (స) సెలవిచ్చారని హజ్రత్ ఉమర్ తెలిపారు. సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఈ ఉల్లేఖనం ఉంది. భయం తొలగినా అనుమతి నిలిచినట్టే, వాహనం వేగం పెరిగినా, ఆసనం మెత్తబడినా అది నిలిచే ఉంటుంది.

ఖస్ర్ ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి హజ్రత్ అనస్ ఉల్లేఖనం ఒక్కటి చాలు: ప్రవక్త (స) మదీనాలో జొహర్ నాలుగు రకాతులు, జుల్‌హులైఫాలో అసర్ (సాయంత్రపు నమాజు) రెండు రకాతులు చేశారు. జుల్‌హులైఫా మదీనాకు కొద్ది మైళ్ళ దూరమే. దీన్ని చూసి కొద్ది దూరానికే ఖస్ర్ చేయవచ్చని కొందరు పొరబడతారు. వారి గమ్యం జుల్‌హులైఫా కాదు, మక్కా. గమ్యాన్ని బట్టి దూరం, పొలిమేరను బట్టి ఆరంభం. విమానాశ్రయంలో ఏం చేయాలన్న సందేహం కూడా దీనితోనే తీరుతుంది: అది నగరపు ఇళ్ళ వరుసలో కలిసిపోయి ఉంటే ఇంకా ఊరు దాటలేదు కనుక పూర్తిగా చదవాలి, ఊరి కట్టడాలన్నీ వెనకబడ్డాక విడిగా ఉంటే అక్కడ ఖస్ర్. తిరిగి వచ్చేటప్పుడు కూడా అదే గీత.

ఇప్పుడు బస. ఒకే చోట 15 రోజులు లేదా అంతకు మించి ఉండాలని నిశ్చయించుకుంటే హనఫీల ప్రకారం ముఖీమ్, అంతకు తక్కువైతే ముసాఫిర్. మాలికీ, షాఫయీలకు గడువు నాలుగు రోజులు. షాఫయీలు చేరిన రోజును, వెళ్ళే రోజును అందులో లెక్కించరు. హంబలీలు ఇరవై నమాజులకు మించిన బసను లెక్కగా పెట్టుకున్నారు. పది రోజుల శిక్షణకు వెళ్ళినవాడు హనఫీ అయితే పది రోజులూ ఖస్ర్ చేస్తాడు, షాఫయీ అయితే చేరినప్పటి నుంచే పూర్తిగా చదువుతాడు. రెండూ సరైనవే, ఇష్టమొచ్చిన పూట ఇష్టమొచ్చిన లెక్కను వాడుకోవడమే సరి కాదు.

నిశ్చయం లేని బస వేరు. బంధువును ఆసుపత్రిలో చేర్చి, రేపు పంపిస్తామని వైద్యులు ప్రతిరోజూ అంటుంటే, అక్కడ ఉన్నవాడికి ఎన్నాళ్ళవుతుందో తెలియదు. పదిహేను రోజుల సంకల్పం చేయనంత కాలం, నెలలు గడిచినా అతడు ముసాఫిరే అని హనఫీలు అన్నారు. షాఫయీలు ఇలాంటివారికి 18 రోజుల వరకు అనుమతించారు. హిజ్రీ 8లో మక్కా విజయం తరువాత ప్రవక్త (స) అక్కడ 19 రోజులు ఉండి ఖస్ర్ చేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ ఉల్లేఖనం బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది.

ముఖీమ్ ఇమాము వెనుక నిలిచిన ముసాఫిర్ నాలుగూ చదువుతాడు, ఫజర్ (వేకువ), మగ్రిబ్ (సూర్యాస్తమయం) నమాజులు తగ్గవు. ఇవి మీకు తెలిసినవే. ప్రయాణంలో తప్పిపోయిన ఇషాను (రాత్రి నమాజును) ఇంటికి వచ్చాక ఖజా చేస్తే హనఫీలకు రెండు, షాఫయీలకు నాలుగు. రెండు నమాజులను కలిపి చదవడం, విమానంలో ఖిబ్లా (నమాజులో తిరగవలసిన కాబా దిశ) గురించి వచ్చే పాఠంలో చెబుతాను.

అభ్యాసానికి ఒక్కటే లెక్క ఇస్తున్నాను, కాని తొందరపడవద్దు. ఒక వ్యక్తి సోమవారం ఉదయం 60 కిలోమీటర్ల దూరంలోని ఊరికి మాత్రమే అని బయలుదేరాడు. జొహర్ తరువాత అక్కడ పని మారడంతో, ఇంటికి మరింత దూరమయ్యే దిశలో ఇంకో 70 కిలోమీటర్లు వెళ్ళాలని నిశ్చయించుకుని, అసర్‌కు ముందే ఆ రెండవ ఊరు చేరి, శనివారం మధ్యాహ్నం వరకు అక్కడే ఉండాలని సంకల్పించాడు. శనివారం జొహర్ అక్కడే చదివి, నేరుగా ఇంటికి 130 కిలోమీటర్లు బయలుదేరి, దారిలో అసర్, ఇల్లు చేరాక ఇషా చదివాడు. సోమవారం జొహర్ నుంచి శనివారం ఇషా దాకా ప్రతి ఫర్జ్‌కు రకాతులు ఎన్నో హనఫీ, షాఫయీ లెక్కల ప్రకారం రెండు వరుసల్లో రాయండి. ఆ తరువాత, అతడు మొదటి నుంచే రెండవ ఊరికని బయలుదేరి ఉంటే ఏ గడులు మారతాయో, ఎందుకు మారతాయో ఒక్కొక్క వాక్యంలో చెప్పండి. రకాతుల సంఖ్య రాసే ముందు ప్రతి గడిలో ఆ సమయానికి అతడి నియ్యత్ ఏమిటో రాయడం తప్పనిసరి. అది లేని జవాబు పత్రాన్ని నేను దిద్దను.