కొండల మీద పరుగు – 4వ పాఠం: గీతకి రెండు నిమిషాలు

పోయిన పాఠంలో చెప్పిన టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలని గీతల్లో చూపించే మ్యాపు, తెచ్చుకున్నారా? తేకపోతే ముందు ఆ పని చూడండి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 షీట్ కావాలి. ఫోన్‌లో చూసుకుంటే పోదా అంటారు. గీతలు లెక్కపెడదామని వేలు ఆనిస్తే మ్యాపు పక్కకి జరిగిపోతుంది. కాగితమే మేలు.

వరసగా మూడు నాలుగు కొండలు ఎక్కి దిగడానికి ఎంతసేపు పడుతుందో ఇంట్లో కూర్చునే తేల్చడం ఈ రోజు పని. ఏ కొండ నెత్తిన ఎన్నింటికి ఉండాలో ముందే ఒక చీటీ మీద రాసుకోకపోతే, వెనకబడ్డామన్న సంగతి చివరి కొండ దగ్గర గానీ తెలియదు.

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. ఆయన మైళ్లలో, అడుగుల్లో చెప్పినదాన్ని ఇప్పుడు ఇలా వాడుతున్నారు: 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. మన షీట్‌లో సెంటీమీటరు అంటే అర కిలోమీటరు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతని కాంటూరు గీత అంటారు. ఒక గీత నుంచి ఇంకో గీతకి ఎత్తు తేడా 20 మీటర్లు. కాబట్టి సెంటీమీటరుకి 6 నిమిషాలు, ఎక్కే గీతకి 2 నిమిషాలు. ఇక అంతా నోటి లెక్కే.

ఒకటి చేసి చూద్దాం. మొదటి కొండ ఎత్తు 600 మీటర్లు, రెండోది 640 అనుకోండి. మ్యాపు మీద రెంటికీ మధ్య దూరం 6 సెంటీమీటర్లు, అంటే 36 నిమిషాలు. మరి ఎక్కుడు? తేడా 40 మీటర్లే కదా, రెండు గీతలు, 4 నిమిషాలు అనేస్తారు చాలామంది. మొదట్లో నేనూ అలాగే వేశాను. కానీ మధ్యలో కనుమ ఉంది, దాని ఎత్తు 360. అంతదాకా దిగి మళ్లీ 280 మీటర్లు ఎక్కాలి. పద్నాలుగు గీతలు, 28 నిమిషాలు. మొత్తం 64. కొండకీ కొండకీ తీసివేత చేయొద్దు. దారి పొడుగునా వేలు జరుపుకుంటూ ఎక్కే గీతలన్నీ లెక్కపెట్టండి.

ఇది నడిచేవాళ్ల లెక్క. పరిగెత్తేవాళ్లకి దీన్ని ఒక అంకెతో గుణించాలి. లెక్క ప్రకారం 100 నిమిషాల దారిని మీరు 60లో పూర్తి చేస్తే మీ అంకె 0.6. రికార్డు వీరుల అంకె ఎంతుంటుందో చూడండి. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో బాబ్ గ్రాహం 1932లో 42 శిఖరాలని 24 గంటల లోపు చుట్టి వచ్చాడు. దాదాపు 106 కిలోమీటర్లు, 8,200 మీటర్ల ఎక్కుడు. నైస్మిత్ లెక్కన సుమారు 35 గంటలు. 24 గంటల్లో తిరిగొస్తే అంకె 0.69 అవుతుంది. 1982లో బిల్లీ బ్లాండ్ అదే చుట్టుని 13 గంటల 53 నిమిషాల్లో పూర్తి చేస్తే, 36 ఏళ్లు దాన్ని ఎవరూ దాటలేదు. 2018లో కిలియన్ జోర్నెట్ 12 గంటల 52 నిమిషాలకి దించాడు. అంటే 0.37! మనకి 0.7 వచ్చినా సంతోషమే.

చిక్కేమిటంటే ఈ అంకె రోజంతా ఒకేలా ఉండదు. నెల్లూరు, కడప వైపున్న వెలిగొండల్లో నా మొదటి ప్రయత్నానికి అన్ని కొండలకీ 0.6 వేసుకున్నాను. మొదటి కొండ మీదికి 18 నిమిషాలు ముందే చేరితే గాల్లో తేలినట్టుంది. మూడో కొండ దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర, పిక్కలు పట్టేశాయి, చివరికి గంటన్నర ఆలస్యం. నైస్మిత్‌ది స్కాట్లండ్, ఆయన లెక్కలో మన ఎండ లేదు. అందుకే తెల్లవారుజామున ఒక అంకె, తొమ్మిది దాటాక ఇంకోటి పెట్టుకోండి. మన వైపు జనవరి, ఫిబ్రవరి నెలలే మంచివి. అంతకుముందు ఈశాన్య రుతుపవనాల వానలు, తర్వాత ఇక చెప్పక్కర్లేదు.

దిగుడుకి నైస్మిత్ విడిగా టైం ఇవ్వలేదు. గుల్ల రాళ్ల మీద దిగేటప్పుడు ఎక్కినంతసేపూ పట్టొచ్చు. ఒకసారి మేకలు కాసే పెద్దాయనకి మ్యాపు మీద నా దారి చూపించాను. "కాగితం మీద బాగానే ఉందబ్బయ్యా, ఆడంతా కంప" అన్నాడు. ఆయన చెప్పిన దారి అర కిలోమీటరు చుట్టు. రెండూ పరిగెత్తి చూస్తే చుట్టుదారే 11 నిమిషాలు తక్కువ పట్టింది. అప్పటినుంచి పల్లెలో ఒకరినైనా అడగకుండా చీటీ రాయను.

ఇంకో మాట. వెలిగొండల్లో చాలా భాగం రిజర్వు ఫారెస్టు. ఎర్రచందనం ఉన్న అడవిలో తెల్లవారుజామున తలకి లైటు పెట్టుకుని పరిగెత్తేవాణ్ని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ముందే రేంజ్ ఆఫీసుకి వెళ్లి అనుమతి కాగితం తీసుకోండి. నోటిమాట చాలదు.

ఈ వారం అభ్యాసానికి ఒక్క కొండ చాలు. ఉదయగిరి దుర్గం దగ్గర్లో ఉన్నవాళ్లు దాన్నే తీసుకోండి. కృష్ణదేవరాయలంతటివాడు దాన్ని పట్టుకోవడానికి నెలల తరబడి ముట్టడి వేయాల్సి వచ్చింది, మీరు తొందరపడకండి. ముందు గీతలు లెక్కపెట్టి చీటీ రాసుకోండి. ఒక రోజు ఆరింటికి, ఇంకో రోజు తొమ్మిదింటికి ఎక్కి దిగండి. రెండుసార్లూ వెళ్లే ముందూ వచ్చాకా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకీ సుమారు లీటరు, దానికి దారిలో తాగింది కలిపితే అదే మీ చెమట. రెండు రోజుల అంకెలూ, రెండు రోజుల చెమటా పక్కపక్కన రాసి ఉంచండి. అయిదో పాఠంలో ఏ కొండ కింద ఎంత మజ్జిగ, ఎంత ఉప్పు దాచిపెట్టాలో వాటినిబట్టే లెక్కవేస్తాం.